పాడు నాది సార్

నాయకత్వం ఎలా చేయాలో కుర్రాళ్ళకు చెప్పి రమ్మని నన్ను పిలిచారు. నవ్వకండి. మా ఇంట్లో టీవీ రిమోటు కూడా నా చేతికి రాదు. హైదరాబాదులో ఒక బీమా కంపెనీ శాఖకు మేనేజరును కాబట్టి, ముప్పయ్యేళ్ళ కిందట నెల్లూరులో మా కాలేజీ హాస్టలుకు లీడరుగా వెలగబెట్టాను కాబట్టి, మా హాస్టలు పూర్వ విద్యార్థుల సంఘం వాళ్ళు నన్నూ ఒక పెద్దమనిషిగా లెక్కగట్టారు. ఇప్పుడు హాస్టల్లో ఉంటున్న కుర్రాళ్ళు నలభై మంది, మాలాంటి నెరిసిన తలలు ఇరవై, సముద్రం ఒడ్డున రెండు రోజుల శిక్షణ. అందులో నాది ఒక గంట ప్రసంగం. అంశం వాళ్ళే పంపారు. "తప్పు నాది అని చెప్పగలవాడే నాయకుడు."

ఫోనులో అది చదివి రెండు రోజులు జవాబివ్వలేదు. మూడో రోజు సరే అన్నాను. జవాబివ్వకపోవడానికీ సరే అనడానికీ కారణం ఒకే మనిషి. వాడి పేరు ఏకాంబరం. హాస్టల్లో మూడేళ్ళు నాతో ఒకే గదిలో ఉన్నవాడు. వాడి సంగతి దారిలో చెబుతాను, చెప్పక తప్పదు.

నెల్లూరు

పొద్దున్నే రైలు దిగి స్టేషను బయట ఒక చిన్న హోటల్లో కారం దోసె తిన్నాను. హైదరాబాదులో నెల్లూరు దోసె అని బోర్డు పెట్టి దాని మీద చీజు తురిమి ఇస్తారు. ఇక్కడ ఎర్రకారం వెన్నలా పూసి, పైన పప్పుల పొడి చల్లి, నలభై రూపాయలకు కళ్ళలో నీళ్ళు తెప్పిస్తారు.

"ఏందన్నా, నీళ్ళు తాగతానే ఉండారు?" అంది పెనం దగ్గరున్న ఆవిడ.

"అలవాటు తప్పిందమ్మా. నాదీ ఈ జిల్లానే."

"ఈ జిల్లానే అయితే ఇంగోటి తినండి. అలవాటు అదే వొస్తది."

ఇంకోటి తిన్నాను. అలవాటు రాలేదు, కడుపులో మంట మాత్రం వచ్చింది. ఆటో ఎక్కి విడవలూరు వైపు అన్నాను. పాత కాలేజీ వీధిలోంచి పోతే దగ్గర అన్నాడు డ్రైవరు. చుట్టూ తిరిగినా పరవాలేదు, ఆ వీధి వద్దన్నాను. అతను అద్దంలోంచి నన్నొకసారి చూసి, ఎవరికో ఎగ్గొట్టి తిరుగుతున్నాననుకున్నట్టున్నాడు, బండి పక్క వీధిలోకి తిప్పాడు. ఆ అనుకోవడంలో పెద్ద తప్పు కూడా లేదు.

విడవలూరు దాటాక

విడవలూరు దాకా వరిపొలాలు. అక్కడినుంచి రొయ్యల గుంటలు, గుంటల్లో గిరగిరా తిరిగే ఫ్యాన్లు, ఆ తరువాత సరుగుడు తోటలు, తోటల వెనక సముద్రం. తోటలో గుడారాలు వేసి, రెండు చెట్ల మధ్య బ్యానరు కట్టారు. గాలికి బ్యానరు సగం చిరిగి "నాయక" అన్నంత వరకే మిగిలింది.

సంఘం కార్యదర్శి సుధాకర్ ఎదురొచ్చి కౌగిలించుకున్నాడు. మాకంటే ఒక ఏడాది చిన్న. మా సంఘంలో అందరూ ఒకరినొకరు బ్రదర్ అనుకోవాలని ఒక నియమం ఉంది. మా చిన్నప్పుడు ఆ పిలుపు లేదు, "రేయ్" అనుకునేవాళ్ళం. నాకు అదే బాగుండేది.

చెన్నై నుంచి శిక్షకుడొకాయన వచ్చాడు. చెవి నుంచి నోటిదాకా మైకు తగిలించుకుని, ఒక్క నిమిషం నిలకడగా ఉండని మనిషి. మొదటి ఆట నమ్మకం ఆట. బల్ల మీద నిలబడి కళ్ళు మూసుకుని వెనక్కి పడిపోవాలి, కింద పన్నెండు మంది చేతులు పట్టి ఆపాలి. పెద్దవాళ్ళు ముందు అని నన్ను ఎక్కించారు. కళ్ళు మూసుకుని పడ్డాను. పన్నెండు మందిలో సగం మంది ఫోన్లతో వీడియో తీస్తున్నారన్న సంగతి ఇసుక మీద పడ్డాక తెలిసింది. నడుం పట్టేసింది. మా బ్రదర్లు అరగంట నవ్వారు. శిక్షకుడు మాత్రం "ఇది కూడా ఒక పాఠమే" అన్నాడు. పాఠం ఎవరికో చెప్పలేదు.

మధ్యాహ్నం భోజనాల దగ్గర తెలిసిన గొంతు వినిపించింది. మా హాస్టలు మెస్సులో వంట చేసిన మస్తాన్ భాయ్. గడ్డం మొత్తం తెల్లబడింది, గరిటె పట్టే తీరు మారలేదు. సంఘం వాళ్ళు వెతికి మరీ పిలిపించారట. మామిడికాయ వేసిన చేపల పులుసు నా ఆకులో పోస్తూ గుర్తుపట్టాడు.

"లీడరు సారు కదా మీరు? మీ రూములో ఏకాంబరం అని ఉన్నె. ఎట్టుండాడు సార్?"

"తెలీదు భాయ్."

"మంచోడు సార్. మోటారు కాల్చినాడని పంపేసిరి. ఆ పొద్దు వాడు నా కాడ్నే ఉన్నాడు, సాంబారు బకెట్లు మోసినాడు. వార్డెను సారుతో చెప్పబోతే నీకెందుకయ్యా అని ఆయన కసిరినాడు నన్ను." పులుసు ఇంకొంచెం పోశాడు. "మోటారు కాడ ఎవురున్నారో ఏమో."

నేను ముల్లు తీసుకుంటున్నట్టు తల వంచుకున్నాను. ఆ పులుసు రుచి ఎలా ఉందో రాయలేను, నాకు తెలియదు.

పాడు అంటే

ఇక్కడ ఆగి మోటారు సంగతి చెప్పాలి.

ఏకాంబరంది సూళ్లూరుపేట అవతల, పులికాట్ సరస్సు ఒడ్డున చేపలు పట్టే ఊరు. ఆ నీళ్ళలో ఎక్కడ పడితే అక్కడ, ఎవరు పడితే వాళ్ళు వల వేయడానికి లేదు. మంచి చోట్లు కొన్నే ఉంటాయి. అందుకని ఊరంతా కూర్చుని చీట్లు వేసి, ఏ రోజు ఏ చోటు ఎవరిదో పంచుకుంటారు. ఆ వంతును వాళ్ళు పాడు అంటారు. "ఈ పొద్దు పాడు ఎవురిది?" అంటే ఈ రోజు వంతు ఎవరిది అని. మనకు పాడు అంటే చెడిపోయినదే తెలుసు. మా లోపలి ఊళ్ళలో కాలవ నీళ్ళకు వంతులున్నాయి గానీ, మా వాళ్ళు వంతు కంటే పారను ఎక్కువ నమ్ముకుంటారు. అవతలివాడి గట్టు తెగ్గొట్టని పంట మా నాయన హయాంలో ఒక్కటీ లేదు.

వాళ్ళ ఊళ్ళో ఇంకో పద్ధతి ఉంది. ఒంట్లో బాగలేకపోతే తన పాడుకు ఇంకొకరిని పంపవచ్చు. ఆ రోజు వల తెగినా, పక్కవాడి గుంజ విరిగినా ఊరిముందు అడుగుతారు. ముందు వంతుదారు లేచి "పాడు నాది" అంటాడు. వెంటనే అతని బదులు వెళ్ళినవాడు లేచి "నిలబడింది నేను" అంటాడు. రెండో మాట మొదటి మాటను విడిపిస్తుంది. రెండో మాట రాని రోజు తన ఊళ్ళో ఎవరూ ఎరగరని ఏకాంబరం నాకు చెప్పాడు. నాకు ఆ మాటలు ఎంతో నచ్చి, మా గదిలో కూడా అవే వాడేవాళ్ళం. గది ఊడవడం ఈ వారం నా పాడు, నీళ్ళు తేవడం నీ పాడు అని. మా గది బయట ఎవరికీ ఆ మాట తెలియదు.

హాస్టల్లో బోరు మోటారు వేసి ఆపే పని కూడా వంతులవారీగా ఉండేది. ఆఖరి ఏడాది పరీక్షలకు నెల ముందు, ఒక ఆదివారం, ఏకాంబరం వంతు. మెస్సులో మనిషి తక్కువయ్యాడని మస్తాన్ భాయ్ కేకేస్తే, "నువ్వు పో, నేను ఆపుతాలే" అన్నది నేను. అని, టీవీలో క్రికెట్టు చూస్తూ కూర్చున్నది కూడా నేనే. బోరు ఎండింది, మోటారు కాలింది. ఎండాకాలం, పరీక్షల ముందు, నూటయాభై మందికి నీళ్ళు లేవు.

వార్డెను అందరినీ మోటారు గది ముందు నిలబెట్టాడు. "ఎవడ్రా ఈ పొద్దు ఇక్కడ?" అన్నాడు.

ఏకాంబరం ఒక అడుగు ముందుకు వేసి, "పాడు నాది సార్" అన్నాడు.

"పాడు చేసింది నువ్వా? అంత దర్జాగా చెబుతున్నావే!"

అందరూ నవ్వారు. ఏకాంబరం నవ్వులు పట్టించుకోలేదు. నావైపు తిరిగాడు. భయంగా కాదు, కోపంగా కాదు. రావలసిన రెండో మాట కోసం ఎదురుచూస్తున్నాడు, అంతే. నేను వాడి పక్కనే ఉన్నాను, మా భుజాలు తగులుతున్నాయి. హాస్టలు లీడరును, మంచిపేరు ఉన్నవాడిని, వార్డెను సిఫారసు చిట్టీ చేతికి రావలసినవాడిని. నేను కాలిపోయిన మోటారు వైపు చూశాను.

మరునాడే వాడు పెట్టె సర్దుకున్నాడు. బయట గది తీసుకుని ఆ నెల గడిపే స్తోమత వాళ్ళకు లేదు. పరీక్ష రాయలేదు. పరీక్షలయ్యాక వెళ్ళి చెబుదామనుకున్నాను. తరువాత, ఉద్యోగం వచ్చాక అనుకున్నాను. పెళ్ళి పిలుపుతో పాటు వెళదామనుకున్నాను. పిరికితనానికి ఎప్పుడూ ఒక మంచి ముహూర్తం ముందర కనిపిస్తూ ఉంటుంది.

రెండో రోజు

నా ప్రసంగం బాగా జరిగింది. అదే నా బాధ. తప్పు ఒప్పుకుంటే మనిషి ఎలా పెరుగుతాడో, జట్టు ఎలా నిలబడుతుందో, తెర మీద బొమ్మలు మారుస్తూ గంటసేపు చెప్పాను. చివర్లో ప్రశ్నలు అడగమన్నాను. వెనక వరసలో ఒక కుర్రాడు లేచాడు.

"సార్, మీరు ఎప్పుడన్నా అట్ట చెప్పినారా? తప్పు నాది అని?"

"రోజూ చెబుతాను బాబూ. మా ఆవిడతో."

గుడారం దద్దరిల్లేలా నవ్వారు, చప్పట్లు కొట్టారు. అడిగిన కుర్రాడు నవ్వకుండా కూర్చున్నాడు. సుధాకర్ వచ్చి శాలువా కప్పాడు. సముద్రపు ఉక్కలో ఆ శాలువా మోస్తూ, నా మీద నాకే రోత పుట్టింది. ఆ సాయంత్రం తిరుగు టికెట్టు రద్దు చేసుకున్నాను. మస్తాన్ భాయ్‌ని ఏకాంబరం ఊరిపేరు అడిగి సరిచూసుకున్నాను. ఆయన ఎందుకని అడగలేదు. "పోయి రండి సార్" అన్నాడు.

గూడూరు

మూడో రోజు దక్షిణంగా పోయే ప్యాసింజరు ఎక్కాను. గూడూరులో బండి చాలాసేపు ఆగింది. పెట్టెలోకి నిమ్మకాయల వాసన వచ్చింది, వెనకనే రెండు సంచులతో ఒక నిమ్మకాయల వ్యాపారి వచ్చాడు. కూర్చోకముందే నా వివరాలన్నీ అడిగేశాడు. హైదరాబాదులో ఒక కాయ ఐదు రూపాయలు అంటే నొచ్చుకున్నాడు.

"మా కాడ రైతుకి వొచ్చేది తెలిస్తే ఏడస్తారు సార్ మీరు. సరే, ఇప్పుడు యాడికి పోతండారు?"

"స్నేహితుడి దగ్గరికి. ముప్పయ్యేళ్ళయింది చూసి."

"అబ్బా! ముప్పై ఏండ్లా! ఏందన్నా గొడవ?"

"గొడవేం లేదు. అదే గొడవ."

ఆయనకు అర్థం కాలేదు గానీ, సంచిలోంచి పది నిమ్మకాయలు తీసి నా చేతిసంచిలో వేశాడు. "ఒట్టి చేతుల్తో పోకూడదు" అన్నాడు. అప్పటికే నా దగ్గర నెల్లూరులో కొన్న మలైకాజా డబ్బా ఉంది. ముప్పయ్యేళ్ళకు అరకిలో మిఠాయి, పది నిమ్మకాయలు. నాకే సిగ్గేసింది.

సూళ్లూరుపేట

సూళ్లూరుపేటలో బోర్డుల మీద తెలుగు పక్కన తమిళం కనిపిస్తుంది. టీ కొట్టులో ఒకతను తెలుగులో మొదలుపెట్టిన మాటను తమిళంలో ముగిస్తాడు. జిల్లాలు మార్చాక ఈ ఊరు తిరుపతి కిందికి పోయింది గానీ, ఆటో డ్రైవరును మీది ఏ జిల్లా అని అడిగితే తడుముకోకుండా "నెల్లూరే" అన్నాడు.

దారి పొడుగునా రాకెట్ల సంగతులు చెప్పాడు. అది లేచేటప్పుడు వాళ్ళ ఇంట్లో గిన్నెలు అదురుతాయట, పొయ్యి మీద పాలు పొంగినట్టు పిల్లలు అరుస్తారట. నేను ఊ కొడుతున్నానే గానీ, మనసులో ఒకే మాటను చదువుకుంటున్నాను. నిలబడింది నేను. నిలబడింది నేను. పరీక్షకు పోయే పిల్లవాడిలా, మరిచిపోతానేమోనని.

కాస్త దూరం పోయాక రెండువైపులా నీళ్ళు మొదలయ్యాయి. మోకాలి లోతు నీళ్ళు, ఎక్కడికక్కడ నాటిన గుంజలు, దూరంగా గులాబీరంగు కొంగలు బారులు తీరి ఉన్నాయి. ఈ నీళ్ళ గురించి ఏకాంబరం చెప్పిందంతా గదిలో మంచం మీద పడుకుని విన్నవాణ్ణి. కళ్ళతో చూడడం ఇదే మొదలు.

నీళ్ళ ఒడ్డున

ఊరి మొదట్లో రేకుల పంచన ఒక ముసలాయన వల బాగుచేస్తున్నాడు. ఏకాంబరం ఇల్లు ఎక్కడని అడిగాను.

"ఏ ఏకాంబరం? కాలేజీ ఏకాంబరమా?"

కాలేజీ ముగించలేకపోయిన వాడికి ఊరు పెట్టిన పేరు అది. అవునన్నాను.

"ఆయన పోయిన యేడు వానల్లో పోయినాడు కదన్నా. గుండె. మీకు తెలీదా? మాకు అర్జీ ముక్క రాయాలన్నా, ఆఫీసరుతో మాట్లాడాలన్నా ఆయనే ఉన్నె. ఇంట్లో అమ్మి ఉండాది, పోండి. ఆ నీలం తలుపు."

ముసలాయన వల పక్కన పెట్టి నీళ్ళ చెంబు ఇచ్చాడు. ఒక్క ఏడాది. ఇరవైతొమ్మిదేళ్ళు తీరిగ్గా ఆలస్యం చేసినవాడికి ఒక్క ఏడాది తేడాతో దక్కకుండా పోయాడు. తిరిగి పోదామనుకున్నాను. నిజంగానే ఆటో వైపు నాలుగడుగులు వేశాను. మళ్ళీ ఆ పని చేస్తే నేనింక మనిషిని కాననిపించి, వెనక్కి తిరిగాను.

నీలం తలుపు ముందు ఒకావిడ రొయ్యలు వొలుస్తూ కూర్చుంది. ఏకాంబరం భార్య గోవిందమ్మ. పేరు చెప్పాను. భాస్కర్, హాస్టల్లో ఒకే గది అన్నాను. ఆమె మొహం ఒక్కసారిగా వెలిగింది.

"లీడరన్నా? మీరేనా లీడరన్న! రాండి, రాండి. ఎన్నిసార్లు చెప్పినాడో మీ కత. మీ అమ్మ పంపిన నిమ్మకాయ ఊరగాయ గదిలో ఇద్దురూ దాచుకొని తినేవాళ్ళంట కదా?"

చేతులు కడుక్కుని, పాప సూళ్లూరుపేటలో కాలేజీకి పోయిందని, లేకపోతే మిమ్మల్ని చూసి ఎంత సంతోషపడేదోనని చెబుతూనే ఆకు వేసింది. వద్దన్నా వినలేదు. అన్నం, పీతల పులుసు. గోడ మీద ఏకాంబరం ఫొటో. జుట్టు పలచబడింది, చూపు అదే. ఈ రోజు పాడు మాదేనని, ఆయన బదులు మరిది పోయాడని, వచ్చేదాకా ఉండి పచ్చిరొయ్యలు తీసుకుపొమ్మని అంది.

నేను ఎత్తలేకపోయిన మాట ఆమే ఎత్తింది.

"ఆ మోటారు సంగతి కూడా చెప్పినాడన్నా. తన బదులు నిలబడింది మీరంట. వార్డెను అడిగే టయానికి మీరు ఊర్లో లేరంట, మీ నాయనకి బాగలేదని పోయుంటిరంట. 'మా భాస్కర్ ఉంటే ఆ మాట చెప్పకుండా ఉండేవాడా' అనేవాడు. ఎవురేమన్నా అదే అనేవాడు."

మా నాయనకు ఆ రోజు ఏ జబ్బూ లేదు. కాలవ గట్టు మీద ఎవరితోనో పోట్లాడుతూ ఉండి ఉంటాడు. నన్ను తిట్టుకుని ఉంటాడని ముప్పయ్యేళ్ళు భయపడ్డాను. వాడు నన్ను ఆ మోటారు గది ముందు నుంచి చెయ్యి పట్టుకుని తప్పించి, ఊరికి పంపేశాడు. ఏడుపు ఆగలేదు. ఆపుకోవడానికి ప్రయత్నించలేదు కూడా.

"అది నిజం కాదమ్మా" అన్నాను. "మా నాయన బాగానే ఉన్నాడు. నేను ఊరికి పోలేదు. అక్కడే ఉన్నాను, వాడి పక్కనే. వాడు నా వైపు చూశాడు కూడా. నిలబడింది నేను."

గోవిందమ్మ గరిటె గిన్నెలో పెట్టింది. ఫొటో వైపు చూసింది, తరువాత నా వైపు.

"మా ఆయన ఇరవై ఆరేండ్లు నాతో కాపరం చేసినాడన్నా. నాకు గానీ ఊర్లో ఇంగొకరికి గానీ ఒక్క అబద్దం చెప్పలా. ఆ ఒక్కటీ ఆయన చేత చెప్పించబాకండి ఇప్పుడు." గొంతు పెంచలేదు. కళ్ళు మాత్రం నన్ను బతిమాలుతున్నాయి. "మీరు మరిచిపోయుంటారు. ఆ పొద్దు మీరు లేరు."

బయట పడవ ఏదో ఒడ్డుకు వచ్చిన చప్పుడైంది.

"అవునమ్మా, మరిచిపోయాను" అన్నాను. "ఆ పొద్దు నేను లేను."

"అదే కదా" అని, ఆమె నా ఆకులో ఇంకొంచెం అన్నం పెట్టింది.